శికమా, శిఖమా? తాత మాటలో జారిపోయిన ముక్క

పహాణీ మనవడు:
మా తాత నిజాం జమానాలో పట్వారీ. చెరువు అడుగు నేలను శికం అంటారు కదా, చెరువు ఎండిన ఏడు తాత ఒక మాట అనేవాడు: "శికం ఎండితే శికాయతు, నిండితే..." ఆ తర్వాతి ముక్క ఎంత తన్నుకున్నా గుర్తుకు రావడం లేదు. పోయిన వారం ప్లాటు పని మీద ఒక ఆఫీసుకు వెళ్తే, కాగితం మీద ఎర్రసిరాతో "శిఖం" అని రాసి తిప్పి పంపారు. వత్తు ఖ! తాత నోట ఆ వత్తు ఏనాడూ వినలేదు. అప్పటి నుంచి రెండూ కలిసి బుర్ర తొలుస్తున్నాయి. క ఒప్పా, ఖ ఒప్పా? ఆ రెండో సగం మీలో ఎవరైనా విన్నారా?

శకటరేఫ:
శికమే, సందేహం లేదు. పారసీ శికమ్, అంటే కడుపు. చెరువు కడుపు. హైదరాబాద్ రెవెన్యూలో శిక్మీదారు ఉంటాడు చూడండి, పట్టాదారు హక్కు కడుపులో ఇంకో హక్కు ఉన్నవాడు. అతణ్ని ఎవరూ శిఖ్మీదారు అనలేదే! చెరువు అడుగున శిఖ ఎక్కడిదండీ, కొప్పు పెట్టుకుంటుందా?

గుంటూరు మాస్టారు:
పుట్టుక మీరన్నదే. కానీ పేపర్లలో, కోర్టు కాగితాల్లో శిఖం అనే పాతుకుపోయింది. పుట్టుక చూసి రాయడం మొదలుపెడితే సగం నిఘంటువు తిరగరాయాలి. అయినా మా వైపు ఈ మాటే లేదు. పొరంబోకు అంటాం.

శకటరేఫ:
మాస్టారూ, అదీ అరవం నుంచి దిగిందే. పుఱం అంటే బయట. శిస్తు లెక్కకు బయటిది. మీది లెక్క బయట, మాది కడుపు లోపల. పైగా మీరు దాన్ని తిట్టు కూడా చేశారు.

నిజాంపేట వాసి:
మీకు కడుపు, మాకు గుండెదడ. 2024 జులైలో జీవో 99తో, చెరువు కబ్జాలు కూల్చే హైడ్రా వచ్చినప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో గుడ్‌మార్నింగులు పోయి ఎఫ్‌టీఎల్ మ్యాపులు (చెరువు నిండుగా ఉన్నప్పటి నీటి హద్దు) వస్తున్నాయి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్ల బఫర్ (కట్టడాలు కూడని అంచు), అంతకు తక్కువైతే 9. పొద్దున లేస్తే టేపు పట్టుకుని తిరిగే పెద్దాయన ఒకరున్నారు మా దగ్గర. ఇంతకీ శిఖం పట్టా అంటే పట్టా ఉన్నట్టా, లేనట్టా?

పహాణీ మనవడు:
ఉన్నట్టే అన్నా. నీళ్లు దిగినంక దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు. గోడ లేపొద్దు. తాత మాటలో శికాయతు అదే అనుకుంటా. చెరువు ఎండితే ఆ బురదలో ముందు నాగలి ఎవడు పెట్టాలని పంచాయితీ.

మూసీ ఒడ్డు:
మా బస్తీలో గోడల మీద ఆర్‌బీ-ఎక్స్ అని ఎర్రరంగు పూసిపోయిండ్రు. రివర్ బెడ్ అట. మా అమ్మ అది చూసి, "బెడ్డంటే మంచమే గదా బిడ్డా, ఏరు ఎప్పుడు పండుకున్నది?" అన్నది. నిజమే. ఇంగ్లీషుల ఏరు పండుకుంటది, పారసీల కడుపుతోటి ఉంటది, మన పేపర్ల నదీగర్భం. 1908 సెప్టెంబర్ 28 నాడు మూసీ ఆ మంచం మీదికెల్లి లేచిన తీరు మా ముత్తవ్వ చెప్తుండె. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టింది దాని తర్వాతనే. ఆ రెంటి నీళ్లు ఖరాబు గావద్దనే జీవో 111 వచ్చింది, కేసు 1999ల సుప్రీంకోర్టు దాకా పోయింది. మా గోడల కాడికి మాత్రం ముందుగాల పోలీసు బందోబస్తు వచ్చింది, డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తమన్నరు. మళ్లా బెడ్డే.

శకటరేఫ:
అమ్మగారికి నా నమస్కారం. ఈ చర్చలో పనికొచ్చే మాట ఆవిడదొక్కటే. ఇక తాత మాటకు నా ఊహ: "నిండితే షుకురు", అంటే దేవుడికి దండం. శి, శి, షు. మూడూ ఉర్దూ మాటలే, పట్వారీ నోటికి అంతకంటే నప్పేది లేదు. శికం, శికాయతు పక్కపక్కన పెట్టడం క ఉంటేనే అందం. ఖ పెడితే తాత యమకం చెడుతుంది.

గుంటూరు మాస్టారు:
షుకురు కవిత్వం. పట్వారీ ఏమంటాడండీ? "నిండితే శిస్తు" అంటాడు. చెరువు నిండితే తరి (మాగాణి) పండుతుంది, వసూలు పెరుగుతుంది.

మూసీ ఒడ్డు:
షికారు ఎందుకు గావద్దు? చెరువు నిండితే బాతుల వేట.

గుంటూరు మాస్టారు:
ఏటిని నమ్ముకుని మునిగినవాళ్లకు పెద్దదిక్కు శ్రీనాథుడు ఉండగా మనకీ షికార్లెందుకు? "కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము, బిలబిలాక్షులు దినిపోయె దిలలు పెసలు, బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి." వరదకు, పిట్టలకు పంట పోయి, గుత్త బాకీ ఏడునూరు టంకాలు. కట్టలేనందుకు శిక్ష "పురవీధి నెదురెండ బొగడదండ". 2024 సెప్టెంబర్ 30న అమీన్‌పూర్ కూల్చివేతల మీద, సెలవురోజుల్లో ఆ తొందరేమిటని తెలంగాణ హైకోర్టు అడిగింది. నవంబర్ 13న సుప్రీంకోర్టు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలంది. కవిసార్వభౌముడికి పదిహేను నిమిషాలైనా ఇచ్చారో లేదో.

శకటరేఫ:
గొడ్డేరి అనే అచ్చువేస్తారు గానీ గొడ్డేఱి ఉండాలని నా పాత అనుమానం. ఏఱు నది, ఏరు నాగలి. అరవంలో చూడండి: ఆఱు, ఏర్. బండిర, అంటే శకటరేఫ ఱ, ఉంటే ఏటి పాలైన చేను, లేకపోతే బీడు దున్నుకోవడం. కృష్ణవేణమ్మ పైపాదంలోనే ఉంది కదా!

గుంటూరు మాస్టారు:
మీ పేరు నిలబెట్టుకోవడానికి పద్యం దిద్దకండి. గొడ్డునేలను గుత్తకు పుచ్చుకోవడమే అది. నా దగ్గరున్న ప్రతిలో సాధురేఫే, మామూలు ర.

నిజాంపేట వాసి:
నాకు బండిర సంగతి తెలియదు. "కవిరాజు కంఠంబు కౌగిలించెనుగదా" అన్నాడే, అక్కడే ఆగిపోతాను. మెడకు తగిలించిన శిక్ష పేరు పూలదండ, అది చేసిన పని కౌగిలింత. ఎర్రటి ఎండలో నిలబెట్టినా ఆ మనిషి మాట సోకు తగ్గలేదు.

పహాణీ మనవడు:
పెట్టెలో 1954-55 ఖాస్రా పహాణీ (భూముల రికార్డు) నకలు దొరికింది. ఉర్దూలో ఉంది. శికం అన్నచోట అక్షరాలు మా పక్కింటి చాచా చదివిపెట్టారు: షీన్, కాఫ్, మీమ్. కాఫ్ పక్కన దో చష్మీ హే లేదట. అంటే వత్తు లేనట్టే.

శకటరేఫ:
అయిపోయింది. తీర్పు వచ్చేసింది.

గుంటూరు మాస్టారు:
నకలు రాసిన గుమాస్తా తొందరలో ఆ హే ఎగరగొట్టి ఉండొచ్చు. అసలు ప్రతి చూశాక మాట్లాడదాం.

పహాణీ మనవడు:
సరే, "నిండితే" తర్వాత ఏం పెట్టుకోను? చాచాను కూడా అడిగా. షుకురు, శిస్తు, షికారు మూడూ విని నవ్వి చాయ్ పోశారు.

నిజాంపేట వాసి:
అది తర్వాత తమ్ముడూ. ఆ పహాణీలో సర్వే నంబరు ఎంతని రాసి ఉంది?