పికప్ వెనక హ్యాంగర్ కాడ చాసిస్‌కు జంగు: ప్లేటు అతికిస్తే ఆగుతదా?

దేవరకొండ_పికప్
అన్నలూ, 2012 పికప్. ఎరువుల బస్తాలు, వానకాలంల తడి ఇసుక ఎక్కువ మోసింది. ఎడమ దిక్కు వెనక కమాన్ కట్టను పట్టి ఉంచే హ్యాంగర్ పైన చాసిస్‌కు రూపాయి బిళ్లంత బొక్క పడ్డది, చుట్టూ జంగు పొరలు పొరలుగ లేస్తుంది. వెల్డింగ్ షాపుల 5 ఎంఎం ప్లేటు పైనుంచి అతికించి డాంబర్ పూస్తమంటున్నరు. సరిపోతదా, కోసి కొత్త ముక్క పెట్టాల్నా?

పాలమూరు_ఫ్యాబ్రికేషన్
కోయాల్సిందే. బాక్స్ చాసిస్‌ను, అంటే లోపల బోలుగ ఉండేదాన్ని, జంగు లోపలి నుంచి తింటది. బయట రూపాయంత కనపడ్డదంటే లోపల అరచేయంత పలచబడి ఉంటది. బొక్క నుంచి రెండు దిక్కులా సుత్తితో తట్టుకుంట పో. ఖంగుమంటే ఇనుము ఉన్నట్టు, దబ్బుమంటే లేనట్టు. డౌటున్న కాడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగ పొడువు. మంచి ఇనుము మొదలైన కాడి నుంచి ఇంకో 50 ఎంఎం అవతల గీత గీసి కోయి.

5 ఎంఎం ప్లేటు అసలొద్దు. చాసిస్‌ల నీళ్లు పోయే డ్రెయిన్ బొక్క అంచు కాడ వెర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) పెట్టి చూడు. 3 ఎంఎం ఉంటే 3 ఎంఎం ప్లేటే వెయ్యాలె. మందం ప్లేటు వంగదు, లోడు ఊగినప్పుడల్లా దాని పక్క పాత ఇనుమే వంగుతది, క్రాక్ సరిగ్గ వెల్డింగ్ అంచునే మొదలైతది. ముక్క మూలలు గుండ్రంగ తియ్యి. బలానికి పైన ఇంకో ప్లేటు వేస్తే దాని చివరలు ఏటవాలుగ కోయి. చాసిస్‌కు అడ్డంగ పైనుంచి కిందిదాకా ఒకటే నిలువు వెల్డింగ్ పడొద్దు.

చాసిస్ నంబరు కొట్టిన చోట మాత్రం గ్రైండర్ పెట్టకు, ఫిట్‌నెస్ కాడ ఇరుక్కుంటవ్.

మిర్యాలగూడ_వెల్డర్
పైన చెప్పింది కరెక్టు. వెల్డింగ్ ముందటి పని కూడ రాసుకో. బ్యాటరీ రెండు టెర్మినళ్లు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కప్లర్, ఆల్టర్నేటర్ వైరు పీకాలె. డీజిల్ ట్యాంకు దింపాలె, బ్రేక్ పైపులు, వైరింగ్ పక్కకు జరపాలె. ఎర్త్ క్లాంపు వెల్డింగ్‌కు జానెడు దూరంల, గీకిన ఇనుము మీద పట్టించు. దూరంగ యాక్సిల్‌కు పెడితే కరెంటు బేరింగుల మీదుగ పోయి వాటిని పాడు చేస్తది.

కోసే ముందే చాసిస్ కింద, కోసే చోటుకు రెండు దిక్కులా స్టాండ్లు పెట్టు. జాకీ ఒక్కదాన్ని నమ్ముకోకు. చాసిస్ రెండు పొడుగు పట్టాల మధ్య మూల నుంచి మూలకు టేపు పట్టి కొలత రాసుకో, ముక్కకు టాకాలు (చుక్కల్లెక్క చిన్న వెల్డింగులు) వేసినంక మళ్ల కొలువు. తేడా వస్తే టాకాలు కోసి సరిచేసుడు తేలిక, ఫుల్ వెల్డింగ్ అయినంక ఎవ్వరూ తియ్యలేరు.

సీవోటూ మిషన్ (గ్యాస్, వైరుతో వెల్డింగ్ చేసేది) అయితే 0.8 ఎంఎం వైరు, 3 ఎంఎంకు 100–120 ఆంపులు. రాడ్ అయితే 2.5 ఎంఎం 7018 రకం, 70–95 ఆంపులు. రాడ్లు పొడిగ ఉండాలె, చెమ్మ పట్టిన 7018తో లోపల బుడగలు, తర్వాత క్రాకులు. అంచుల మధ్య 1.5–2 ఎంఎం సందు వదులు. 25–30 ఎంఎం చొప్పున ఒక దిక్కు, మళ్ల ఎదురు దిక్కు వెయ్యి. ఒకటే గుంజుడుగ గుంజితే చాసిస్ వంకర పోతది.

నల్గొండ_పెయింట్_షాప్
జంగు మీద డాంబర్ పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల కరుగుతూనే ఉంటుంది. కాలిన ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్లు కూడా ఉన్నారు, దానికి రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి.

వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా గీకండి. గుంతల్లో మిగిలిన జంగుకు, దాన్ని గట్టి పొరగా మార్చే ఫాస్ఫారిక్ యాసిడ్ కన్వర్టర్ పూసి, నల్లబడి ఆరాక డబ్బా మీద రాసిన ప్రకారం కడిగి తుడవండి. యాసిడ్ మిగిలితే ఎపాక్సీ ప్రైమర్ పెచ్చులుగా లేస్తుంది. రెండు కోట్లు ప్రైమర్, పైన చాసిస్ బ్లాక్.

ఎక్కువ మంది వదిలేసేది బాక్స్ లోపలి భాగం. వెల్డింగ్ పూర్తిగా చల్లారాక డ్రెయిన్ బొక్కలోంచి పొడుగు గొట్టం చివరిదాకా దూర్చి, వెనక్కి లాగుతూ క్యావిటీ వ్యాక్స్ (బోలు లోపల జంగు పట్టకుండా కొట్టే మైనం) కొట్టండి. కింది బొక్కల్లోంచి బొట్లు కారితే లోపల పట్టినట్టు. ఆ బొక్కలు వ్యాక్స్‌తో మూసుకుపోకుండా పుల్లతో తెరవండి.

ఎరువుల్లో ఎర్ర పొటాష్‌తో జాగ్రత్త, అది క్లోరైడ్, ఉప్పులాగే తింటుంది. దింపిన రోజే కింద కడగండి. మన వైపు బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, జంగు విషయంలో చూడాల్సింది ఆ నీళ్లలోని ఉప్పు. చివరిసారి నల్లా నీళ్లతో కొట్టండి.

దేవరకొండ_పికప్
హ్యాంగర్ రివెట్లు విప్పాల్నా?

పాలమూరు_ఫ్యాబ్రికేషన్
విప్పాలె. హ్యాంగర్‌కూ చాసిస్‌కూ నడుమ జంగు ఉబ్బి ప్లేట్లను తెరుస్తది, అది గీకకుంట కొత్త ముక్క పెట్టినా దండుగే. తలకాయలు గ్రైండ్ చేసి, డ్రిల్ పెట్టి కొట్టేయి. రివెట్ కాడ వెల్డింగ్ వద్దు. బొక్కకు టైటుగ పట్టే 10.9 గ్రేడు హైటెన్సైల్ (ఎక్కువ బలమున్న) బోల్టులు, లాక్ నట్లు వెయ్యి. లోడుతోని నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగినంక బోల్టుల బిగువు (టార్క్) మళ్ల చూడు.