చలి లేకపోయినా మా ముధోల్ కుక్క ఎందుకు వణుకుతోంది?

మాది అనంతపురం దగ్గర పల్లె. మా ముధోల్ జాతి వేటకుక్కకు మూడేళ్లు. మండే ఎండలో కూడా చేను గట్టున కుందేలు కనబడితే చాలు, అడుగు కదపకుండా నిలబడి వణుకుతుంది. చెవులు నిక్కబొడుచుకుంటాయి, వెనక తొడల కండలు చర్మం కింద పటపటా అదురుతాయి, పళ్లు టకటకలాడతాయి. కుందేలు కనుమరుగయ్యాక కాసేపటికి మామూలైపోతుంది.

గొలుసు మాత్రం వదలం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కుందేళ్ల వేట నేరం, పైగా పాపం కూడా.

తిండి బాగానే తింటోంది. జ్వరం చూస్తే 101.8 డిగ్రీల ఫారెన్‌హీట్, కుక్కలకు అది మామూలే. చూపుతో వేటాడే జాతి కాబట్టి పరుగుకు ముందు అడ్రినలిన్ అనే ఉద్రేకపు హార్మోన్ పొంగి ఇలా అవుతుందని నా నమ్మకం. కానీ డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి తగ్గిన కుక్కలకూ కండలు అదురుతాయి, ఒంట్లో చక్కెర తగ్గినా వణుకు వస్తుంది. అందుకే అమ్మకు ఒకటే టెన్షన్.

వేటజాతి కుక్కల్ని పెంచేవాళ్లు దయచేసి చెప్పండి. మీవీ ఇలాగే వణుకుతాయా? గొలుసు పట్టి ఆపడం వల్ల ఇది ఇంకా ఎక్కువవుతుందా? ఎలాంటి వణుకు కనిపిస్తే వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి?