జింక్ మాత్రలు వేసుకుంటే ఇన్సులిన్ ఎక్కువ వస్తుందా?

తీపివద్దు:
నాకు టైప్ 2 షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఇన్సులిన్‌కి జింక్ కావాలి కాబట్టి జింక్, క్రోమియం మాత్రలు వేసుకుంటే పాంక్రియాస్ మళ్లీ పుంజుకుంటుందని తెలిసినాయన ఒకటే పోరు. మరోచోటేమో ఐరన్ ఎక్కువైతే షుగర్ వస్తుందని చదివాను. ఏది నమ్మాలి?

కణాలబడి:
జింక్ సంగతి సగం నిజమండీ. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణంలో అది చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉంటుంది, ఆరేసి ఇన్సులిన్ అణువులు రెండు జింక్ అయాన్లను పట్టుకుని ఒక గట్టి ముద్దలా ఉంటాయి. గ్లూకోజ్ పెరిగినప్పుడు సంచి కణం అంచుకి వచ్చి తెరుచుకుంటుంది, బయటపడ్డ ముద్ద రక్తంలో విడిపోతుంది, అప్పుడే ఇన్సులిన్ పనిలోకి దిగుతుంది. ఆ సంచుల్లోకి జింక్‌ని చేరవేసేది జెడ్‌ఎన్‌టీ8 అనే ప్రోటీన్. దాని జన్యువులో ఒక రకం తేడా ఉన్నవాళ్లకి టైప్ 2 ముప్పు కాస్త ఎక్కువని 2007లో తేలింది. సరే, జింక్ తగ్గితే షుగర్ అన్నమాట అనుకునేలోపు 2014లో కథ అడ్డం తిరిగింది, ఆ జన్యువు ఒక కాపీ పనిచేయనివాళ్లకి ముప్పు దాదాపు 65 శాతం తక్కువట! కాబట్టి జింక్ పోస్తే ఇన్సులిన్ పొంగుతుందనే లెక్క కణంలోనే కుదరలేదు, ఇక మాత్రతో ఏం కుదురుతుంది?

ల్యాబ్‌కోటు:
పైగా జింక్ ఊరికే పోయేది కాదు. పెద్దవాళ్లకి రోజుకి 40 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి, అది దాటి నెలల తరబడి మింగితే పేగులో రాగిని ఒంటికి పట్టనివ్వదు, రక్తహీనత, నరాల ఇబ్బంది రావచ్చు. క్రోమియం గురించి చెప్పేదంతా ఇన్సులిన్ పనితీరు గురించే, స్రావం గురించి కాదు. అసలు అది ఒంటికి తప్పనిసరి అనడానికే ఆధారం చాలదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2014లో తేల్చేసింది.

కణాలబడి:
ఐరన్ మాట మాత్రం నిజమే. బీటా కణాలకి, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ని తట్టుకునే శక్తి తక్కువ, ఐరన్ పేరుకుంటే అవి దెబ్బతిని ఇన్సులిన్ స్రావమే పడిపోతుంది. హీమోక్రొమటోసిస్ (ఒంట్లో ఐరన్ అతిగా పేరుకునే జబ్బు) ఉన్నవాళ్లలో, తలసీమియాకి పదే పదే రక్తం ఎక్కించుకునేవాళ్లలో షుగర్ రావడానికి ఇదో ముఖ్య కారణం. అలాగని భయపడి ఐరన్ మానేయకండి, ఐరన్ లోపంతో రక్తం తగ్గినప్పుడు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అదో తలనొప్పి. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ టెస్ట్ చేయిస్తే మీకు ఎక్కువో తక్కువో చాలావరకు తెలుస్తుంది.

తీపివద్దు:
మరి నేను వేసుకునే మల్టీవిటమిన్‌లో 10 మిల్లీగ్రాముల జింక్ ఉంది, ఆపేయాలా?

ల్యాబ్‌కోటు:
అక్కర్లేదండీ, అంతతో ఏమీ కాదు. దాని మీద ఇంకో జింక్ మాత్ర మాత్రం వద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే చూసుకోవాల్సింది బీ12 విటమిన్, అది తగ్గొచ్చు, ఈసారి డాక్టర్‌ని అడిగి ఆ టెస్ట్ చేయించండి.