వరి వేళ్లలో ఆర్సెనిక్ రూపాలు మారాయి, ఆర్‌ఎన్‌ఏ మారలేదు: రెండింటినీ కలిపి ఎలా చదవాలి?

వరిమడి (బెంగళూరు):
అందరికీ నమస్కారం. ఆర్సెనేట్ (ఆర్సెనిక్ ఆక్సీకరణ చెందిన రూపం) కలిపిన మట్టిలో వరి పెంచి, వేళ్లలో ఆర్సెనిక్ ఏయే రసాయన రూపాల్లో ఉందో హెచ్‌పీఎల్‌సీకి (ద్రవంలోని పదార్థాలను వేరుచేసే యంత్రం) జోడించిన ఐసీపీ-ఎంఎస్‌తో (ప్లాస్మాలో పరమాణువులుగా విడగొట్టి ద్రవ్యరాశిని బట్టి లెక్కించే యంత్రం) కొలుస్తున్నాను. అవే మొక్కలపై ట్రాన్స్‌క్రిప్టోమిక్స్ (ఏ జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలవడం), మెటబోలోమిక్స్ (కణంలోని చిన్న అణువులను కొలవడం) కూడా చేసి, మూడింటినీ కలిపి చదవాలన్నది నా పీహెచ్‌డీ ఉద్దేశం. మొదటి విడతలో ఆర్సెనైట్ (క్షయకరణ చెందిన రూపం) ఎక్కువగా వచ్చింది, రెండో విడతలో ఆర్సెనేట్ ఎక్కువగా వచ్చింది. జన్యువుల వ్యక్తీకరణ మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉంది. ఐసీపీ-ఎంఎస్ మా దగ్గర లేనందున హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు అవతలి ప్రయోగశాలకు నమూనాలను డ్రై ఐస్‌లో తీసుకెళతాను. మొదటిసారి గడ్డకట్టిన పొడిని తీసుకెళ్లాను. రెండోసారి, వేరు పదార్థం తక్కువగా ఉండటంతో, మెటబోలోమిక్స్ కోసం తీసిన మిథనాల్ సారాన్నే పట్టుకెళ్లాను. పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుంది?

ద్రవ్యరాశి75:
నాకు రెండు చోట్ల అనుమానం ఉందండి. మొదటిది ఆ సారం. డ్రై ఐస్ చల్లదనానికి మిథనాల్ సారం గడ్డకట్టదు. గాలి, వేరు నుంచి వచ్చిన ఇనుము తోడైతే ద్రవంలోని ఆర్సెనైట్ ఆర్సెనేట్‌గా మారగలదు. ద్రవ నత్రజనిలో నూరిన ఒకే పొడిని మూడు భాగాలు చేసి, దేని సారాన్ని దాని పద్ధతిలోనే తీయండి. 0.28 మోలార్ నత్రికామ్లంలో 95 డిగ్రీల వద్ద వేడిచేసే పద్ధతి బియ్యంలో అకర్బన ఆర్సెనిక్ మొత్తానికి చక్కగా పనికొస్తుంది, కానీ వేరులో ఫైటోకిలాటిన్లతో (లోహాలను పట్టుకునేందుకు మొక్క తయారుచేసే చిన్న పెప్టైడ్లు) జతకట్టిన ఆర్సెనైట్‌ను అది విడదీస్తుంది. ఆ జతలు కావాలంటే చల్లని 1 శాతం ఫార్మిక్ ఆమ్లంతో తీసి, వెంటనే యంత్రానికి ఎక్కించాలి. ప్లాస్మాలో అణువు విచ్ఛిన్నమై ఆర్సెనిక్ పరమాణువు మాత్రమే మిగులుతుంది కాబట్టి, పక్కనే ఎలక్ట్రోస్ప్రే మాస్ స్పెక్ట్రోమీటర్ కూడా ఉంటే తప్ప యంత్రం గీసిన గ్రాఫులోని శిఖరం ఏ అణువుదో తేలదు. ప్రతి విడతలో ఒక భాగానికి తెలిసినంత ఆర్సెనైట్ కలిపి, చివరికి ఎంత మిగిలిందో చూడండి.

రెండోది వేరు ఉపరితలం. మట్టిలో పెరిగిన వరి వేరుకు పట్టే ఇనుప పూత ఆర్సెనేట్‌ను గట్టిగా పట్టుకుంటుంది. మీ ఆర్‌ఎన్‌ఏ కణం లోపలిది. ఆ ఆర్సెనేట్‌ను కణం చూడనే లేదు. మంచుచల్లని ఫాస్ఫేట్ ద్రావణంతో కడిగితే వదులుగా పట్టినది పోతుంది, పూతలోనిది మాత్రం విడిగా కొలవవలసిందే. ఆ ద్రావణంలో క్లోరైడ్ లవణాలు వాడకండి: ఆర్గాన్ 40, క్లోరిన్ 35 కలిసి ఆర్సెనిక్ ద్రవ్యరాశి అయిన 75 వద్దే దొంగ శిఖరం తెస్తాయి.

కుండీచేను:
ఆర్‌ఎన్‌ఏ కదలకపోవడం నాకు వింతగా అనిపించలేదు. ఫైటోకిలాటిన్ సింథేజ్ ఎంజైమ్ కణంలో ముందే ఉంటుంది, లోహం తగలగానే పని మొదలుపెడుతుంది, దానికి కొత్త ఆర్‌ఎన్‌ఏ పెరగనక్కరలేదు. అందువల్ల ఆర్సెనిక్ రూపాలను ముందుగా గ్లూటాథియోన్ (ఫైటోకిలాటిన్లకు ముడిసరుకు), ఫైటోకిలాటిన్ల కొలతలతో పోల్చి, ఆ తర్వాతే జన్యువుల వైపు వెళ్లడం మేలని నా అభిప్రాయం. పది మొక్కలతో వేల జన్యువులను జతచేసి చూస్తే ఏదో ఒకటి కలిసినట్టే కనిపిస్తుంది. ఇంకొక మాట, రెండు విడతల్లోనూ కుండీలలో నీరు ఒకే ఎత్తున నిలిచిందా? నీరు నిలిచిన మట్టిలో ఆర్సెనేట్ ఆర్సెనైట్‌గా మారి సిలికాన్ దారిన, అంటే ఎల్‌ఎస్‌ఐ1, ఎల్‌ఎస్‌ఐ2 వాహకాల ద్వారా, వేరులోకి వెళుతుంది. ఆరిన మట్టిలో ఆర్సెనేట్ ఫాస్ఫేట్ దారి పడుతుంది.

వరిమడి:
ఇద్దరికీ ధన్యవాదాలు. నీటి ఎత్తు ఒకటే ఉంచాను, పూత సంగతి మాత్రం ఆలోచించలేదు. చిన్న డీఎంఏ (రెండు మిథైల్ సమూహాలు చేరిన ఆర్సెనిక్ రూపం) శిఖరం కూడా వచ్చింది, దానికి కారణమైన జన్యువును వరి ఆర్‌ఎన్‌ఏలో వెతకాలా?

ద్రవ్యరాశి75:
వద్దండి. ఆర్సెనిక్‌కు మిథైల్ తగిలించేది మట్టిలోని సూక్ష్మజీవులు, వాటి ఆర్స్‌ఎం జన్యువుతో. వేరు చుట్టూ ఉన్న మట్టిని కొంత విడిగా గడ్డకట్టించి ఉంచుకోండి, దాని డీఎన్‌ఏలో వెతకవచ్చు.

వరిమడి:
అలాగే చేస్తాను. ఈసారి పొడినే, ఆదివారం తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకెళ్లి, సారం అక్కడే తీస్తాను.