చర్చ: పురాతన కట్టడాల లోపలికి జనాన్ని రానివ్వాలా, ప్రతిరూపంతో సరిపెట్టాలా?

మండపం:
లోపల చిత్రాలున్న పురాతన కట్టడాలనూ గుహలనూ సందర్శకులకు పూర్తిగా మూసివేసి, సమీపంలో కట్టిన ప్రతిరూపాన్ని మాత్రమే చూపించాలన్నది నా ప్రతిపాదన. ఫ్రాన్స్‌లో ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో గుహ ఒక్కటి చాలు దీనికి సాక్ష్యంగా. 1940లో బయటపడిన ఆ గుహను 1948లో జనానికి తెరిచారు. వేల ఏళ్లుగా గాలినీ తేమనూ ఒకే తీరున నిలుపుకున్న చోటికి రోజుకు వెయ్యిమందికి పైగా వచ్చి ఊపిరి వదిలితే ఏమవుతుందో పదిహేనేళ్లలోనే తేలిపోయింది. దీపాల వెలుగుకు గోడల మీద ఆకుపచ్చని నాచు పట్టింది. ఊపిరిలోని తేమా, కార్బన్ డయాక్సైడూ కలిసి సున్నపురాతి మీద తెల్లని పొర కట్టించాయి. 1963లో తలుపులు మూయక తప్పలేదు. 1983లో ఒక ప్రతిరూపాన్నీ, 2016లో కొండ దిగువన మరింత పెద్దదాన్నీ తెరిచారు. చూడాలన్న కోరిక న్యాయమైనదే కావచ్చు గానీ, సుమారు 17,000 ఏళ్ల నాటి రంగు రాలిపోతే దాన్ని తిరిగి పెట్టగలిగేవారెవరూ లేరు. అందుకే ఈ విషయంలో నాకు మధ్యేమార్గం కనిపించడం లేదు.

సంచారి:
మండపం గారూ, లాస్కో కథను మీరు 1963 దగ్గరే ఆపేశారు. ఆ తరువాత 38 ఏళ్లకు, 2001లో, అదే గుహలో తెల్లని బూజు పాకింది. మరికొన్నేళ్లకు నల్లని మచ్చలు కనిపించాయి. అప్పటికి అక్కడికి సాధారణ సందర్శకులను రానివ్వడమే లేదు. గాలిని అదుపుచేసే యంత్రాన్ని మార్చిన కొద్దికాలానికి మొదలైన ఉపద్రవం అది. ఇటలీలోని పురాతన రోమన్ నగరం పాంపేయిలో, గ్లాడియేటర్లతో (పోటీల్లో తలపడే యోధులతో) ముడిపెట్టి చెప్పుకునే ఒక భవనం 2010 నవంబరులో వానలకు కూలిపోయింది. దాని లోపలికి కూడా సందర్శకులను రానిచ్చేవారు కాదు. వెనుకటి మరమ్మతులో పైన వేసిన కాంక్రీటు బరువును అప్పట్లో చాలామంది తప్పుపట్టారు. అజంతాలో 1920ల్లో చిత్రాలను కాపాడబోయి పూసిన వార్నిష్ కాలక్రమాన పసుపు తిరిగి, చిత్రాలనే మరుగుపరచింది. ఈ మూడింటిలో ఏ ఒక్క నష్టమూ టికెట్టు కొని వచ్చినవాడి పని కాదు.

మరో మాట. నలుగురి కళ్లు పడే చోట గోడ బీటలు వారితే ఎవరో ఒకరు అడుగుతారు. తాళం వేసిన గదిలో పెచ్చులూడితే తాళం తీసేవారికే తెలుస్తుంది; వారు చెబితేనే మనకు తెలుస్తుంది. మూసివేత వల్ల కట్టడానికి రక్షణ కలుగుతుందో లేదో గానీ, దాన్ని చూసుకోవలసినవారికి మాత్రం మంచి రక్షణే దొరుకుతుంది.

గోడవార:
మీరిద్దరూ మనుషుల మీదే వాదిస్తున్నారు. గోడ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేను కొంతకాలం పాత కుడ్యచిత్రాల స్థితిని నమోదుచేసే పనిలో సహాయకుడిగా ఉన్నాను. మొదటి రోజు మాకు నేర్పింది టార్చిలైటు పట్టుకోవడం. వెలుగును గోడకు ఎదురుగా కాకుండా, గోడను రాసుకుంటూ పోయేలా పక్కనుంచి వేయాలి. అంతవరకు నున్నగా కనిపించిన ఒక బొమ్మ భుజం మీద, కాలిన చర్మం మీద లేచినట్టుగా, గోరంతేసి బొబ్బలు కనిపించాయి. ఒక బొబ్బ అంచు విడిపోయి ఉంది. దాని వెనుక పూతకూ రంగుకూ మధ్య పిండిలా తెల్లని ఉప్పు. గోడలోని ఉప్పు తేమకు కరుగుతుంది, తేమ ఆరితే మళ్లీ గడ్డకడుతుంది. గడ్డకట్టిన ప్రతిసారీ రంగు పొరను కొంచెం ముందుకు నెడుతుంది. తడి ఎంత ఎక్కువగా ఉందన్న దానికంటే, తడిసి ఆరడం ఎన్నిసార్లు జరిగిందన్నదే ఇక్కడ ముఖ్యం. ఆ బొబ్బను ఎవరూ చేత్తో ముట్టుకుని ఉండరు. అయినా లోపల నిలబడిన ప్రతి మనిషి ఊపిరీ చెమటా ఆ తేమ లెక్కలో చేరతాయి.

ఈజిప్టులో రాణి నెఫర్తారి సమాధి 1904లో బయటపడేనాటికే దాని పూత ఉప్పు వల్ల చెడిపోయి ఉంది. ఆ తరువాత దశాబ్దాల తరబడి మూసి ఉంచినా ఆ జబ్బు మానలేదు. 1986 నుంచి 1992 దాకా సాగిన పరిరక్షణ పని తరువాతే, 1995లో, రోజుకు 150 మందికి పరిమితం చేసి తెరిచారు. మండపం గారు చెప్పిన మూత అక్కడ వైద్యం కాలేకపోయింది; సంచారి గారు కోరే తలుపు కూడా వైద్యం జరిగాకే తెరుచుకుంది.

నాకు సరైన పద్ధతిగా తోచింది చైనాలోని దున్‌హువాంగ్ దగ్గర మొగావ్ గుహలది. అక్కడ చిత్రాలున్న గుహలు 492. గాలిలో సాపేక్ష తేమ (గాలి మోయగల తేమలో ఎంత వంతు ఉందన్న లెక్క) 62 శాతం దాటితే గోడలోని లవణాలు నీటిని పీల్చుకోవడం మొదలుపెడతాయని ఏళ్ల తరబడి కొలిచి తెలుసుకున్నారు. ఎంతమందిని, ఎంతసేపు, ఏ గుహలోకి పంపాలన్న లెక్కకు ఆ హద్దు ఒక ఆధారమయింది. 2014లో దూరంగా ఒక కేంద్రం కట్టి, సందర్శకులకు ముందుగా గుహల చిత్రాలను తెర మీద వివరంగా చూపించి, ఆ తరువాతే గుహల వద్దకు జట్లుగా పంపుతున్నారు. దాంతో లోపల గడపవలసిన సమయం తగ్గి, రోజుకు 6,000 మందిదాకా అనుమతించడం వీలయింది. గుహల్లో తేమను కొలిచే పరికరాలు, అంటే కొలమానాలు, ఉంటాయి. హద్దు దాటిన గుహకు విశ్రాంతినిచ్చి, జట్టును మరో గుహకు మళ్లిస్తారు. వాన పడుతున్న రోజున బయటి తడి గాలి లోపలికి వస్తుంది గనుక తలుపు తెరవడమే ముప్పు, లోపలికి ఎందరు వెళ్లారన్నది ఆ తరువాతి మాట. ఇది తెలియాలంటే టికెట్లు లెక్కపెడితే సరిపోదు.

ఎదురుప్రశ్న:
గోడవార గారి లెక్క బాగుంది. కానీ హద్దు గీసిన వెంటనే, ఆ హద్దు లోపల ఎవరుంటారన్న ప్రశ్న వస్తుంది. స్థలం తగ్గిందని రుసుము పెంచితే గోడకు మేలు జరగవచ్చు, చూసే హక్కు మాత్రం డబ్బున్నవారి చేతికి పోతుంది. ఇండోనేసియాలోని బోరోబుదూర్ అనే పురాతన బౌద్ధ కట్టడంలో పైకి ఎక్కేవారిని 2023లో రోజుకు 1,200 మందికి పరిమితం చేశారు; మార్గదర్శకుడి వెంట జట్లుగా, రాతిని అరగదీయని మెత్తని అల్లిక చెప్పులతో మాత్రమే ఎక్కనిస్తున్నారు. లక్షల పాదాలు మెట్టు నడుమను గిన్నెలా తొలిచివేసిన చోట, ఆ చెప్పులు నాకు హాస్యాస్పదంగా అనిపించలేదు. అయితే కింద ఆవరణ చూసి వెళ్లే టికెట్టు కంటే పైకి ఎక్కే టికెట్టు ధర ఎక్కువ. స్పెయిన్‌లో ఆదిమానవుల చిత్రాలున్న అల్తమిరా గుహలో 2014లో మొదలుపెట్టిన పద్ధతి ఇంకో రకం: ఆ రోజు ప్రదర్శనశాలకు వచ్చినవారిలో నుంచి చీటీ తీసి, వారానికి ఐదుగురిని, 37 నిమిషాలు లోపలికి పంపడం. ఐదుగురు ఎంత తక్కువైనా, చీటీకి మొహమాటం లేదు.

నడవలేనివారి మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. గ్రీసులోని ఏథెన్స్‌లో, పురాతన ఆలయాలున్న అక్రోపోలిస్ కొండ మీద చక్రాల కుర్చీలు సాగేందుకు కాంక్రీటు దారులు వేశారు, 2020లో కొత్త లిఫ్టు పెట్టారు. ఆ దారులు కొండ రూపాన్నే పాడుచేశాయని పెద్ద గొడవ జరిగింది. అందులో నిజం ఉందో లేదో పక్కన పెడితే, ఆ గొడవ చేసినవారిలో చాలామంది అప్పటికే తమ కాళ్ల మీద నడిచి పైకి వెళ్లి చూసివచ్చినవారే.

సంచారి:
ఆ చివరి వాక్యం నాకు గుచ్చుకుంది, ఎందుకంటే ఆ దారుల్ని నేనూ విమర్శించాను. రాతికి రంధ్రాలు చేయకుండా, ఎప్పుడైనా ఎత్తివేయగలిగేలా వేసిన దారి మీద నాకు అభ్యంతరం లేదు. శాశ్వతంగా పోసిన కాంక్రీటు మీదే ఉంది. పాంపేయిలో కూలినదాని మీద ఉన్నదీ అదే అని మరిచిపోవద్దు.

మండపం:
ఒప్పుకోవలసిన చోట ఒప్పుకుంటాను. ఉప్పు పట్టిన గోడకు మూత ఒక్కటే మందు కాదని గోడవార గారు చూపించారు. లాస్కో మీద సంచారి గారి మాట కూడా సరైనదే; అయితే ఆ బూజు చూశాక ఆ గుహను జనానికి మళ్లీ తెరవాలని ఆయన కూడా అనరనే అనుకుంటున్నాను. సహజంగా మూతపడి వేల ఏళ్లు నిలిచిన గుహల విషయంలో నా ప్రతిపాదన అలాగే ఉంటుంది. గాలి ఆడే కట్టడాలకు మొగావ్ పద్ధతి వర్తించవచ్చు.

నా అనుమానమల్లా అమలు మీదే. సెలవు రోజున బయట వేలమంది బారులుతీరి ఉండగా, కొలమానం 62 దాటిందని చెప్పి తలుపు మూసే ధైర్యం ఎవరికుంటుంది? టికెట్ల ఆదాయం చూసుకునేవారి కిందే కొలమానం చూసే ఉద్యోగి కూడా పనిచేస్తుంటే, ఆ రోజు యంత్రం పాడైందని చెప్పడం తలుపు మూయడం కంటే తేలిక.

గోడవార:
అది నేను కళ్లారా చూసిన సంగతే, ఎక్కడన్నది చెప్పను. పుస్తకంలో మూడు వారాలపాటు తేమ అంకె ఒక్కటే ఉంది, ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో. తరువాత చూస్తే కొలిచే పరికరంలో బ్యాటరీయే లేదు.

అందుకే రెండు షరతులు పెడతాను. తలుపు మూసే అధికారం ఆదాయం చూసుకునే విభాగం కింద ఉండకూడదు. కొలమానం చూపే అంకె, ఆ రోజు హద్దు ఎంతో, రెండూ వరుసలో నిలబడినవారికి కనిపించేలా ప్రవేశద్వారం దగ్గరే పెట్టాలి. అప్పుడు తలుపు ఎందుకు మూశారని అడిగేవారితో పాటు, ఎందుకు మూయలేదని అడిగేవారూ ఆ వరుసలోనే ఉంటారు. సంచారి గారు కోరిన నలుగురి కళ్లు గోడ మీద పడకపోయినా, కనీసం ఆ అంకె మీద పడతాయి.