స్కూల్ గోడ మీదకి టీచర్లు కాని స్టాఫ్‌ని ఎలా తేవాలి?

మాది టెక్సాస్. మా అమ్మాయి చదివే చార్టర్ స్కూల్లో (కేజీ నుంచి 5వ తరగతి దాకా) పేరెంట్ వాలంటీర్‌ని. మే మొదట్లో వచ్చే టీచర్ అప్రిసియేషన్ వీక్ కోసం హాల్లో ఒక గోడ మాకిచ్చారు. పై వరసలో కల్పనా చావ్లా, 1992లో అంతరిక్షానికి వెళ్లిన మే జెమిసన్, 1993లో వెళ్లిన ఎలెన్ ఒచోవా. కింది వరసలో పిల్లలు మెచ్చిన స్టాఫ్. పై వరస ఒక్క సాయంత్రంలో అయిపోయింది. చిక్కంతా కింది దానితోనే.

ముందు గూగుల్ ఫామ్ పంపాం. పది రోజుల్లో 64 జవాబులొస్తే 61 క్లాస్ టీచర్లకే. తర్వాత లంచ్ టైమ్‌లో కాగితం చీటీలు పెట్టాం, స్పానిష్‌లో కూడా. ఒక చీటీలో "నా పాల డబ్బా తెరిచిపెట్టే ఆవిడ" అని ఉంది, పేరు లేదు. ముద్దొచ్చింది గానీ, కెఫెటేరియాలో నలుగురున్నారు, ఎవరని? పోనీ ఫొటోలు చూపించి అడుగుదామంటే, హాలు తుడిచే ఆయన, బస్సు డ్రైవర్ ఫొటో దిగడానికే మొహమాటపడ్డారు. మేమే పేర్లు రాసేయొచ్చు, కానీ అప్పుడది పిల్లల మాట కాదుగా.

ఇంకా మూడు వారాలే ఉంది. పేరు తెలియని స్టాఫ్ గురించి చిన్నపిల్లల చేత చెప్పించడానికి మీ స్కూళ్లలో ఏం చేశారు?