సీసాలో పచ్చగా ఉన్న టేకు మొక్కలు బయటికి తీయగానే ఎందుకు వాడిపోతున్నాయి?

నారుమడి:
నమస్కారం. టేకు మొక్కలను టిష్యూ కల్చర్‌లో, అంటే చిన్న మొక్క ముక్కల నుంచి క్రిములు లేని సీసాల్లో, పెంచుతున్నాను. ఎం.ఎస్. (మురాషిగె-స్కూగ్) అనే పోషక మీడియంలో లీటరుకు 30 గ్రాముల చక్కెర వేసి, సీసా మూత బిగించి, అంచు చుట్టూ ఫిల్మ్ కూడా చుడుతున్నాను. లోపలి గోడల మీద ఎప్పుడూ నీటి చుక్కలు కనిపిస్తాయి. కొన్ని సీసాల్లో ఆకులు గాజులా మెరుస్తూ, దళసరిగా మారి, పట్టుకుంటే పుటుక్కున విరుగుతున్నాయి. మిగతావి చూపుకు ఆరోగ్యంగానే ఉన్నా, వేళ్లకు అంటిన అగార్ (మీడియాన్ని గట్టిపరిచే జెల్లీ) కడిగి ట్రేలో నాటిన గంటలోపే తలలు వాల్చేస్తున్నాయి. హార్మోన్ల మోతాదు తగ్గించినా ఫలితం లేదు. లోపం సీసాలోనే ఉందంటారా?

ఆకుపచ్చ:
సీసాలోనే, ముఖ్యంగా మూతలోనే ఉందని నా అభిప్రాయం. గాలి చొరబడని సీసాలో తేమ దాదాపు 100 శాతానికి చేరుతుంది కాబట్టి, నీటిని కాపాడుకోవలసిన అవసరమే ఎరుగని ఆకుకు పైన మైనపు పొర సరిగా ఏర్పడదు. పత్రరంధ్రాలు కూడా మూసుకోవడం నేర్చుకోవు. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. సీసాలోని ఆకును, నర్సరీ మొక్క ఆకును ఒకేసారి తుంచి, బల్ల మీద పక్కపక్కన ఉంచి, పది నిమిషాలకోసారి తూకం వేయండి. సీసా ఆకు ఎంత వేగంగా బరువు కోల్పోతుందో చూస్తే ఇక సందేహం మిగలదు. గాజులాంటి ఆకులకు కూడా ఈ తేమే ప్రధాన కారణాల్లో ఒకటి. పలచని అగార్, మీడియంలో అమ్మోనియం ఎక్కువగా ఉండటం దానికి తోడవుతాయి.

కిరణజన్య:
పై సమాధానానికి వాయువుల సంగతి కూడా చేర్చాలి. రాత్రి మొక్కల శ్వాసక్రియ వల్ల సీసాలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. దీపాలు వెలిగిన కొద్దిసేపటికే అది బయటి గాలిలో ఉన్న స్థాయికన్నా బాగా పడిపోతుంది. ఆ తరువాత పగలంతా వెలుతురు ఉన్నా ఆకుకు ముడిసరుకు ఉండదు కనుక, మొక్క మీరు వేసిన చక్కెర మీదే బతుకుతుంది. మొక్క విడిచే ఇథిలీన్ అనే వాయువు కూడా బయటికి పోయే దారిలేక ఎదుగుదలను కుంటుపరచి, కొన్ని జాతుల్లో ఆకులు రాల్చేస్తుంది. జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త టొయోకి కొజాయ్ గాలి ప్రసరించే పాత్రల్లో, చక్కెర లేకుండా మొక్కలను పెంచే పద్ధతిని అభివృద్ధి చేశారు. అయితే వెలుతురూ కార్బన్ డయాక్సైడూ పెంచకుండా చక్కెర ఒక్కటే మానేస్తే మొక్క ఆకలితో చస్తుంది. ఆ పొరపాటు మాత్రం చేయకండి.

నారుమడి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మూతకు రంధ్రం చేస్తే బూజు రాదా? మీడియం ఎండిపోదా?

ఆకుపచ్చ:
రంధ్రం మీద 0.2 మైక్రాన్ల వడపోత పొర అతికిస్తే గాలి ఆడుతుంది, బూజు బీజాలు లోపలికి రావు. మీడియం ఎండటం మాత్రం నిజమైన ఇబ్బందే. లవణాలు చిక్కబడి ఆకుల అంచులు మాడతాయి. అందుకే కొమ్మలు వృద్ధి చేసే దశలో మామూలు మూతలే ఉంచి, వేరు దశలో చివరి రెండు మూడు వారాలకు మాత్రమే వడపోత మూతలు వాడి, మీడియం కొంచెం ఎక్కువ పోయండి. మూసిన సీసాలో విచ్చుకున్న ఆకు బయటికి వచ్చాక పెద్దగా బాగుపడదు; తట్టుకునేది కొత్త ఆకే. ఆ కొత్త ఆకులు రెండైనా గాలి ఆడే సీసాలోనే విచ్చుకునేలా చూసుకోండి. ముందుగా పది సీసాలకు పాత మూతలు, పదింటికి కొత్తవి పెట్టి, నాటాక నెలకు ఎన్ని బతికాయో ఇక్కడ తెలియజేయండి.